ఒకటో అంశం

నెలకొక్కసారి, రెండో మంగళారం,
సిరొంచ పంచాయత్ సమితి హాలుల
పొడుగు బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ దులుపుత.
ఎనిమిది కుర్చీలు, ఎనిమిది నీళ్ల సీసాలు,
సభాపతి ముందట ఒక ప్లాస్టిక్ గులాబి.
పదకొండింటికని నోటీసు,
పన్నెండున్నరకు గణపూర్తి.

నేను కారకూన్ని.
సభ్యులు తెలుగుల మాట్లాడుతరు,
కోపమొస్తే మాడియాల,
సాహెబు లోపలికి రాంగనే మరాఠీల సర్దుకుంటరు.
నా రిజిస్టరుకు ఒక్కటే భాష.
దాంట్ల అందరిదీ ఒకటే గొంతు:
'చర్చ జరిగింది. వచ్చే సభల ఉంచాలె.
సూచకుడు ఫలానా, అనుమోదకుడు ఫలానా,
ఠరావు సర్వానుమతం.'
పదకొండేండ్లల్ల నా రిజిస్టరుల
ఒక్కలు గూడ పోట్లాడలేదు.
ఒకపారి గ్లాసు పగిలింది. అదీ లేదు.

మడావి పోచక్క తుమ్మలగట్ట నుంచి వస్తది,
చీర కుచ్చిళ్లకు పల్లేరుకాయలతోని.
ఏడో అంశం దాక చాయ్ ముట్టదు.
ఏడో అంశం, పాడైన చేతిపంపులు.
లేచి నిలవడి చెప్తది:
"వాగుల ఇసుక తోడి చెలిమె తీస్తం.
కోడి కూయకముందు ఒక్క బిందె.
మల్ల ఊరేదాక కూసుంటం,
పిల్లల పేన్లు చూస్తం,
ఉన్న ముచ్చట్లన్ని ఒడుస్తయి,
నీళ్లు ఊరవు.
మొన్న గుడ్డెలుగు మా కంటె ముందొచ్చి తాగింది.
దానికి వరుస తెల్వదు గద."
అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన.
రాసిన: 'హ్యాండ్ పంపు విషయంల చర్చ జరిగింది.'

సభ అయినంక వచ్చి అడిగింది,
"నేను చెప్పిందేది బిడ్డా?"
చూపెట్టిన.
ఆ వరుస మీద వేలు పెట్టి
ఈ చివర నుంచి ఆ చివరకు జరిపింది.
"జానెడు గూడ లేదు" అన్నది. పోయింది.

వచ్చే నెల ఒకటో అంశం, ఎప్పటిదే:
గత సభ వృత్తాంతం చదివి కాయం చేయుట.
ఎవ్వరు చదవనియ్యరు.
నేను 'వాచన్' అంట, సభాపతి 'కాయం' అంటడు,
ఆ రెండు మాటల నడుమ ఈగ గూడ దూరదు.

"కాయం గాదు" అన్నది పోచక్క.

చాయ్ పిలగాడు పళ్లెంతోని తలుపు కాడనే ఆగిండు.
సాహెబు నియమాల బుక్కు తెప్పిచ్చిండు,
అద్దాలు మార్చి చూసిండు,
వద్దని ఏ పుటల లేదు.
"తప్పేమున్నది బాయీ ఇందుల?"
"తప్పేం లేదు సాహెబూ. ఎలుగు లేదు."

అంకీస దిక్కు కూసున్న దుర్గం రాజలింగు
మెల్లగ దగ్గిండు:
"నేను చెప్పిన పడవ గూడ లేదు."
ఇంకొకాయన తన కల్వర్టు కోసం
నా చేతిల నుంచే రిజిస్టరు గుంజుకున్నడు.
ఆ దినం రెండో అంశం ముట్టనే లేదు.

రాసిన. ఎలుగుకు అస్వల్ దొరికింది.
చెలిమెకే ఏదీ ఒదగలేదు.
ఝరా అందామంటే అది దానంతటదే పారుతది.
విహీర్ అంటే గట్టుంటది, కొలతలుంటయి, బిల్లుంటది.
చెలిమెను దినాం తవ్వాలె, దినాం పూడుతది.
ఆఖరికి ఆ మూడక్షరాలనే దేవనాగరిల పెట్టి
మీద అడ్డగీత కొట్టిన,
ఎండకు తడక కట్టినట్టు.

నకలు గడ్చిరోలికి పోయింది.
నలభై దినాలకు తిరిగొచ్చింది,
ఆ మాట కింద ఎర్ర సిరా,
పక్కన 'ఖులాసా కరావా'.
అంటె వివరం ఇయ్యాలని.
పోచక్కకు చదివి వినిపిచ్చిన.
కుచ్చిళ్లల్ల పల్లేరుకాయ పీకి బల్ల మీద పెట్టింది.
"ఖులాసనా? ఆళ్లు ఖులాసగనే ఉన్నట్టుండ్రు.
కోడి కూయకముందు రమ్మను, చూపెడుత."
అదీ రాసిన.

పంపు ఇంక రాలేదు.
ఒకటో అంశానికి ఇప్పుడు గంటన్నర పడుతది.
మొత్తం చదవాలె, నిలవడి, పెద్దగ.
నడుమల గొంతు ఎండుతది.
సీసా మూత తిప్పుత.
తిప్పేటప్పుడు
ఆమె దిక్కు చూడ.